ఎక్సర్‌సైజ్‌లో కరిగించిన కేలరీలు మళ్లీ తినొచ్చా?

బరువు తగ్గడం గురించి మాట్లాడుకుంటున్నాం కదా, ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క లెక్క తీసుకుందాం. చూడ్డానికి చిన్న లెక్కే. కానీ నెలల తరబడి జిమ్‌కి వెళ్లినా బరువు కదలనివాళ్లలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. దీన్నే తప్పుగా పట్టుకుని ఆరోగ్యం పాడుచేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల గురించి కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

సంగతి ఇదీ. ఫోన్‌లో ఒక కేలరీ యాప్ వేసుకున్నారు. వయసు, ఎత్తు, బరువు అడిగింది, ఇచ్చారు. రోజుకి 1570 కేలరీలు తినండి అని చెప్పింది. సాయంత్రం ఓ గంట స్పీడ్‌గా నడిచొచ్చారు. వాచ్ యాప్‌కి లింక్ అయ్యి ఉంది కాబట్టి ఇంటికొచ్చేసరికి స్క్రీన్ మీద అంకె మారిపోయింది. ఇంకో 400 తినొచ్చు అంటోంది. తినేయాలా? తింటే నడిచిందంతా వేస్ట్ అయిపోదా? తినకపోతే నీరసం వస్తుందా?

జిమ్‌లో అడిగితే ఒకాయన "అస్సలు ముట్టుకోకు బ్రో, ఆ 400 నీకు బోనస్" అంటాడు. పక్కనే ఇంకొకాయన "తినకపోతే బాడీ దెబ్బతింటుంది, తినాల్సిందే" అంటాడు. ఇద్దరూ గట్టిగానే చెప్తారు. నిజానికి ఇద్దరి మాటా సగం నిజం. ఎందుకంటే అసలు అడగాల్సిన ప్రశ్న వాళ్లిద్దరిలో ఎవరూ అడగలేదు. మీ 1570 ఎక్కడి నుంచి వచ్చింది?

అదే ముందు చూద్దాం. ఒక అబ్బాయిని అనుకోండి. వయసు 27, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, మాదాపూర్‌లో కూర్చుని చేసే ఉద్యోగం. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా, గుండె కొట్టుకోవడానికి, ఊపిరి తీసుకోవడానికి, మెదడు పనిచేయడానికి ఒంటికి కొన్ని కేలరీలు కావాలి. దీన్ని అంచనా వేయడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ అనే ఫార్ములాని చాలా యాప్‌లు, వెబ్‌సైట్లు వాడతాయి. బరువుని 10తో, ఎత్తుని 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసు ఇంటూ 5 తీసేయాలి. మగవాళ్లయితే చివర్లో 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి. మనవాడికి ఎంతొచ్చింది? 780 ప్లస్ 1075 మైనస్ 135 ప్లస్ 5. మొత్తం 1725.

ఇది పడుకుని ఉంటే అయ్యే ఖర్చు. మనిషి లేస్తాడు, తిరుగుతాడు, పని చేస్తాడు కాబట్టి ఈ 1725ని ఇంకో అంకెతో గుణిస్తారు. కూర్చునే జీవితం అయితే 1.2. వారంలో నాలుగైదు రోజులు ఎక్సర్‌సైజ్ చేసేవాళ్లయితే 1.55. యాప్‌లో మీరు "సెడెంటరీ" నొక్కారా, "మోడరేట్లీ యాక్టివ్" నొక్కారా అన్నది ఇక్కడే తేల్తుంది. రెండు సెకన్లలో ఏదో ఒకటి నొక్కేసి ముందుకెళ్లిపోతాం కదా, మొత్తం కథంతా ఆ నొక్కుడులోనే ఉంది.

మనవాడు సెడెంటరీ నొక్కాడనుకోండి. 1725 ఇంటూ 1.2 అంటే 2070. బరువు తగ్గాలి కాబట్టి 500 తీసేస్తే 1570. ఈ 1570లో ఎక్సర్‌సైజ్ లేదు. వాకింగ్‌కని వేసే ఒక్క అడుగు కూడా లెక్కలోకి రాలేదు. నడిచినరోజు యాప్ అదనంగా కొంత ఇస్తోందంటే అర్థం ఉంది. మైఫిట్‌నెస్‌పాల్ లాంటి యాప్‌ల లెక్క ఇదే పద్ధతి: టార్గెట్‌లోంచి తిన్నది తీసేసి, ఎక్సర్‌సైజ్ కలిపి, మిగిలింది చూపిస్తాయి.

అదే మనవాడు "జిమ్‌కి వెళ్తాను కదా" అని మోడరేట్లీ యాక్టివ్ నొక్కాడనుకోండి. 1725 ఇంటూ 1.55, సుమారు 2674. 500 తీసేస్తే 2174. తేడా 600 పైనే. ఆ 600 ఏంటి? వాడు వారమంతా చేయబోయే ఎక్సర్‌సైజే. ముందే కలిపేసి, రోజుల మీద పరిచి ఇచ్చేశారన్నమాట. ఇప్పుడు నడిచొచ్చాక వాచ్ చూపించే 400 మళ్లీ తింటే, ఒకే జీతాన్ని ఇంటి ఖర్చుకి ఒకసారి, క్రెడిట్ కార్డ్ మీద ఇంకోసారి వాడేసినట్టు. 500 లోటులో 400 పోయింది. మిగిలింది 100. ఆ 100 సాయంత్రం టీలో చక్కెర, పక్కన రెండు బిస్కెట్లకి సరిపోతుంది. తర్వాత నెలాఖరుకి "నాకు థైరాయిడ్ ఉందేమో" అని టెస్ట్‌కి వెళ్తారు. టెస్ట్ చేయించుకోవడం తప్పు కాదు, కానీ ముందు యాప్ సెట్టింగ్స్ ఒకసారి తెరిచి చూడండి.

కాబట్టి మొదటి జవాబు సులువుగానే తేలిపోయింది. మీ టార్గెట్‌లో ఎక్సర్‌సైజ్ ముందే కలిసి ఉంటే మళ్లీ తినకూడదు. కలిసి లేకపోతే కొంత తినొచ్చు. ఈ "కొంత" అంటే ఎంత అన్నదే కష్టమైన భాగం.

వాచ్ 400 అంది కాబట్టి 400 అనుకోవచ్చా? ముందు మామూలు లెక్క వేసి చూద్దాం. ఎక్సర్‌సైజ్‌ని కొలవడానికి మెట్ అనే ఒక కొలత ఉంది. ఊరికే కూర్చుంటే 1 మెట్. అంటే దాదాపుగా కిలో బరువుకి గంటకి 1 కేలరీ. గంటకి 5.6 కిలోమీటర్ల స్పీడ్‌లో, అంటే పక్కవాళ్లతో మాట్లాడగలం కానీ పాట పాడలేం అన్నట్టుండే నడకకి 4.3 మెట్‌లు. ఇవి ఎవరో గాల్లోంచి తీసిన అంకెలు కావు. ఏ పనికి ఎన్ని మెట్‌లు అని 1993 నుంచీ ఒక పెద్ద పట్టిక ఉంది, దాన్ని మధ్యమధ్యలో అప్‌డేట్ చేస్తూ వస్తున్నారు.

78 కిలోల మనవాడు గంట నడిస్తే 78 ఇంటూ 4.3, అంటే 335. వాచ్ చెప్పిన 400 కాదు. ఇక్కడితో అయిపోలేదు. ఆ గంటలో నడవకుండా సోఫాలో పడుకుని రీల్స్ చూసినా మనవాడికి 78 కేలరీలు ఎలాగూ ఖర్చయ్యేవి. అవి 1570 లెక్కలో ముందే ఉన్నాయి. నడక వల్ల కొత్తగా అయింది 335 మైనస్ 78, అంటే 257 మాత్రమే. చాలా ట్రెడ్‌మిల్‌లు మొత్తం అంకె చూపిస్తాయి, కొత్తగా అయింది ఎంత అన్నది విడిగా చెప్పవు. కొన్ని వాచ్‌లు "యాక్టివ్ కేలరీలు" అని వేరే, "టోటల్" అని వేరే చూపిస్తాయి. మీ వాచ్‌లో అలా రెండూ ఉంటే చూడాల్సింది యాక్టివ్ అన్నదాన్ని.

ట్రెడ్‌మిల్ గురించి ఒక మాట. స్పీడ్ పెంచేసి, ఏటవాలు పెంచేసి, ముందున్న రాడ్డు గట్టిగా పట్టుకుని వేలాడుతూ నడుస్తుంటారు చూడండి. మెషీన్‌కి మీరు రాడ్డు పట్టుకున్న సంగతి తెలీదు. బరువంతా కాళ్ల మీదే ఉందనుకుని లెక్క వేస్తుంది. కాబట్టి అంకె ఇంకా పెరుగుతుంది, ఖర్చు మాత్రం తగ్గుతుంది.

వాచ్‌లు ఎంతవరకు నమ్మొచ్చు అన్నది స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2017లో పరీక్షించారు. 60 మందికి ఏడు రకాల రిస్ట్ బ్యాండ్‌లు పెట్టి నడిపించారు, పరిగెత్తించారు, సైకిల్ తొక్కించారు. పక్కన ల్యాబ్‌లో ఊపిరి కొలిచే యంత్రం ఉంటుంది, దాంతో పోల్చారు. గుండె కొట్టుకునే రేటు విషయంలో ఏడింట్లో ఆరు బాగానే పనిచేశాయి, తేడా 5 శాతం లోపే. కేలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిట్లోకీ మంచిది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికంటే చెడ్డది 93 శాతం. అప్పటికీ ఇప్పటికీ వాచ్‌లు మారాయి, నిజమే. కానీ ఇబ్బంది సెన్సార్‌ది ఒక్కటే కాదు. మణికట్టు దగ్గర నాడి చూసి, ఒంట్లో ఎంత ఇంధనం కాలిందో ఊహించాలి. కాఫీ తాగినా, ఎండ ఎక్కువున్నా, బాస్ కాల్ చేసినా గుండె స్పీడ్ పెరుగుతుంది. వెయిట్స్ ఎత్తేటప్పుడు గుండె దడదడలాడుతుంది కానీ ఆ మేరకు కేలరీలు ఖర్చవ్వవు. కాబట్టి వాచ్‌ని గుండె కోసం, అడుగుల కోసం నమ్మండి. కేలరీల విషయంలో మాత్రం అది చెప్పేది ఒక అంచనా.

ఇంకో మెలిక ఉంది. నాకు ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

టాంజానియాలో హడ్జా అని ఒక తెగ ఉంది. ఇప్పటికీ వేటాడి, దుంపలు తవ్వుకుని, తేనె తెచ్చుకుని బతికేవాళ్లు వాళ్లలో ఉన్నారు. రోజూ ఎన్నో కిలోమీటర్లు నడుస్తారు. వీళ్లకి మన ఆఫీసు మనుషులకంటే ఎన్నో కేలరీలు ఎక్కువ ఖర్చవుతాయని ఎవరైనా అనుకుంటారు. హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త, ఆయన టీమ్ అక్కడికి వెళ్లి కొలిచారు. ప్రత్యేకమైన నీళ్లు తాగించి, తర్వాత మూత్రం పరీక్షించి రోజువారీ ఖర్చు తేల్చే పద్ధతి అది. ఇంతవరకు ఉన్న పద్ధతుల్లో మామూలు జీవితాన్ని బాగా కొలిచేది అదే. 2012లో ఫలితాలు వచ్చాయి. ఒంటి సైజుని లెక్కలోకి తీసుకున్నాక, హడ్జా వాళ్ల రోజువారీ ఖర్చు అమెరికా, యూరప్ వాళ్లతో దాదాపు సమానం!

ఎలా? ఒళ్లు సర్దుకుంటుంది. ఒకచోట ఎక్కువ ఖర్చయితే ఇంకోచోట తగ్గిస్తుంది. ఇంట్లో కరెంట్ బిల్లు ఎక్కువొచ్చిన నెల అమ్మ వేరే ఖర్చులు తగ్గించినట్టు. 2021లో 1,754 మంది పెద్దవాళ్ల కొలతలతో ఇంకో అధ్యయనం వచ్చింది. శారీరక శ్రమ వల్ల అదనంగా ఖర్చయ్యే ప్రతి 100 కేలరీల్లో సగటున 28ని శరీరం వేరేచోట మిగుల్చుకుంటోందని తేలింది. అంటే రోజు మొత్తం మీద చూస్తే పెరిగేది 72. ఇది సగటు, మనిషి మనిషికీ మారుతుంది. మీకు సరిగ్గా 28 అని ఎవరూ చెప్పలేరు.

ఒంటి లోపల జరిగేది అలా ఉంచండి, బయట మన ప్రవర్తన కూడా మారుతుంది. పొద్దున్నే జిమ్‌లో లెగ్ డే చేసినరోజు మెట్లెక్కుతామా? లిఫ్ట్ కోసం నాలుగు నిమిషాలు నిలబడతాం. కొత్తిమీర కట్ట కోసం తమ్ముడిని పంపిస్తాం. ఆదివారం పొద్దున 10 కిలోమీటర్లు పరిగెత్తి, సాయంత్రం వరకు మంచం దిగనివాళ్లు నాకు తెలుసు. వాచ్ ఆ 10 కిలోమీటర్లని గొప్పగా చూపిస్తుంది. దిగని మంచం గురించి ఏమీ అనదు.

ఇప్పుడు మనవాడి లెక్క చివరిదాకా తీసుకెళ్దాం. వాచ్ 400. కొత్తగా ఖర్చయింది 257. అందులో 72 శాతం తీసుకుంటే 185. దాదాపు వాచ్ అంకెలో సగం. వ్యాయామం కేలరీల్లో సగమే తినండి అని అనుభవం ఉన్న డైటీషియన్లు చెప్తుంటారు చూడండి, ఆ సగం శాస్త్రంలో ఎక్కడా రాసిపెట్టిన అంకె కాదు. కానీ ఇలా లెక్క కట్టుకుంటూ వస్తే అది దరిదాపుల్లోకే వస్తుంది. అందుకే నాకు ఆ సలహా నచ్చుతుంది.

185 కేలరీలంటే ఎంత తిండి? మామూలు తెల్ల అన్నం 100 గ్రాములకి సుమారు 130 కేలరీలు. 150 గ్రాములంటే ఒక చిన్న కప్పు, 195. అంటే గంట సేపు చెమటలు కక్కుతూ నడిచింది ఒక చిన్న కప్పు అన్నం, కూర లేకుండా. కొంచెం బాధగానే ఉంటుంది, తెలుసు. నూనె అయితే ఇంకా ఘోరం. ఒక టేబుల్ స్పూన్ నూనె 120 కేలరీలు. ఒకటిన్నర స్పూన్‌తో మొత్తం గంట నడక సరి.

నూనె మాట ఎందుకు ఎత్తానంటే, ఖర్చు వైపు ఎంత తప్పు ఉందో తిండి వైపు కూడా అంతే ఉంటుంది. 1992లో అమెరికాలో ఒక ప్రసిద్ధమైన పరిశోధన జరిగింది. మేం తక్కువే తింటున్నాం, అయినా బరువు తగ్గట్లేదు అని చెప్పే కొంతమందిని తీసుకుని నిజంగా కొలిచారు. వాళ్ల మెటబాలిజంలో తేడా ఏమీ లేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చెప్తున్నారు, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువ చెప్తున్నారు. అబద్ధం చెప్తున్నారని కాదు, వాళ్లకి నిజంగా అలాగే అనిపించింది. మన వంటింట్లో ఇది ఇంకా సులువు. బెండకాయ వేపుడులో నూనె సీసాలోంచి నేరుగా పోస్తారు. ఆవకాయ అన్నంలో కలిపిన నూనెకి లెక్క ఉండదు. యాప్‌లో "వెజ్ కర్రీ ఒక కప్పు" అని కొట్టేసి హాయిగా ఉంటాం. అందుకే రెండు పనులు చేయండి. బియ్యం, పప్పు వండకముందు తూకం వేయండి, పచ్చి బియ్యం 100 గ్రాములకి సుమారు 350 వేసుకోవచ్చు. నూనె మాత్రం వారానికి ఇంట్లో ఎంత సీసా ఖాళీ అయిందో చూసి, తినేవాళ్ల సంఖ్యతో భాగించండి. మన తిండి గురించి నమ్మదగిన అంకెలు కావాలంటే హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల భారతీయ ఆహారాలకి పట్టికలు వేసింది. యాప్‌లో ఎవరెవరో ఎక్కించిన "ఆంధ్రా పప్పు" అంకె కంటే అవి చాలా నయం.

ఇంతవరకు విన్నవాళ్లకి ఒకటి అనిపించవచ్చు. అయితే అసలు తినకుండా ఉండటమే సేఫ్ కదా, 400 అయినా 185 అయినా, వదిలేస్తే ఇంకా తొందరగా తగ్గుతాం కదా అని. ఇక్కడే నేను ఆగాలి.

ఇంకొకరిని తీసుకుందాం. ఒక అమ్మాయి, 21 ఏళ్లు, 158 సెంటీమీటర్లు, 52 కిలోలు. హాస్టల్‌లో ఉంటోంది. అక్క పెళ్లి మూడు నెలల్లో ఉంది. లెహంగాలో బాగుండాలి అని 1200 కేలరీల డైట్ మొదలుపెట్టింది. పొద్దున జుంబా, సాయంత్రం పరుగు. పైన చెప్పిన ఫార్ములా వేస్తే ఆ అమ్మాయి పడుకుని ఉన్నా కావాల్సింది 1240 పైచిలుకు. తినేది దానికంటే తక్కువ. దానిలోంచి ఎక్సర్‌సైజ్‌కి ఇంకో 350 పోతోంది. గుండెకి, మెదడుకి, ఎముకలకి, హార్మోన్లకి మిగిలేది 850.

క్రీడాకారుల వైద్యంలో దీనికి ఒక కొలత ఉంది. తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి పోయినవి తీసేసి, కొవ్వు కాకుండా మిగిలిన ఒంటి బరువుతో భాగిస్తారు. ఈ అమ్మాయికి కొవ్వు తీసేస్తే సుమారు 37 కిలోలు అనుకుందాం. 850ని 37తో భాగిస్తే 23. ఇది 30 కంటే తగ్గి కొన్నాళ్లు అలాగే ఉంటే ఒళ్లు ఒక్కో పనినీ ఆపడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ప్రాణం నిలబడటానికి వెంటనే అక్కర్లేనివి ముందు ఆపుతుంది. ఆడవాళ్లలో పీరియడ్స్ ఆలస్యం అవుతాయి, తర్వాత ఆగిపోతాయి. దాంతోపాటు ఎముకలు పలచబడతాయి. జుట్టు రాలుతుంది, ఎప్పుడూ చలిగా ఉంటుంది, నిద్ర పట్టదు, చిన్న మాటకే చిరాకు. పరిగెత్తేవాళ్లకి కాలి ఎముకల్లో సన్నని పగుళ్లు వస్తాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీన్ని ఒక ఆరోగ్య సమస్యగా గుర్తించి పేరు పెట్టింది. మగవాళ్లకి కూడా వస్తుంది. వాళ్లకి పీరియడ్స్ లాంటి గుర్తు ఉండదు కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది.

దీంట్లో ఇంకో బాధ ఏంటంటే, బయటి నుంచి చూసేవాళ్లకి ఇదంతా క్రమశిక్షణలా కనిపిస్తుంది. "అబ్బ, ఎంత తగ్గావే, ఎలా తగ్గావు" అని అడుగుతారు. యాప్ పచ్చ రంగు చూపిస్తుంది. పీరియడ్స్ ఆగాయని ఇంట్లో చెప్పడానికి మొహమాటం. పరీక్షల టెన్షన్ అనుకుని వదిలేస్తారు. వింటున్న అమ్మాయిల్లో ఎవరికైనా డైట్, ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టాక మూడు నెలలుగా పీరియడ్ రాకపోతే, దయచేసి గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. ఎంత తింటున్నారో, ఎంత ఎక్సర్‌సైజ్ చేస్తున్నారో దాచకుండా చెప్పండి. అది చెప్పకపోతే డాక్టర్‌కి కూడా అసలు కారణం దొరకడం కష్టం.

ఆ అమ్మాయి విషయంలో అసలు ప్రశ్న ఎక్సర్‌సైజ్ కేలరీలు తినాలా వద్దా అన్నది కాదు. 158 సెంటీమీటర్లకి 52 కిలోలంటే బీఎంఐ 20.8. మన భారతీయులకి అధిక బరువు అని మొదలయ్యేది 23 దగ్గర. తగ్గాల్సిన అవసరమే లేదు. వ్యాయామం చేయాలనుంటే హాయిగా చేయొచ్చు, కానీ దానికి తగ్గ తిండి మొత్తం తినాలి, సగం కాదు.

ఇలా పూర్తిగా తినాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ కోసం ట్రైనింగ్ చేసేవాళ్లని తీసుకోండి. పరుగుకి కిలోమీటర్‌కి కిలో బరువుకి సుమారు 1 కేలరీ అని గుర్తుపెట్టుకోండి, వాచ్ అక్కర్లేదు. 70 కిలోల మనిషి 21 కిలోమీటర్లు పరిగెడితే 1470. అలాంటి రోజున 1570 మాత్రమే తిని పడుకుంటే మర్నాడు కాదు, ఆ రాత్రే ఒళ్లు చెప్తుంది. లాంగ్ రన్ రోజుల్లో బరువు తగ్గాలన్న ఆలోచన పక్కన పెట్టి తినండి. తగ్గించేది మిగతా రోజుల్లో చూసుకోవచ్చు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకి ఎక్సర్‌సైజ్ తర్వాత షుగర్ బాగా పడిపోవచ్చు. వాళ్లు ఈ సగం, పావు లెక్కలేవీ పెట్టుకోకుండా డాక్టర్‌ని అడిగే చేయాలి. ఇంకా ఎదిగే వయసు పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఈ ఎపిసోడ్ వర్తించదు.

సరే, మళ్లీ 78 కిలోల మనవాడి దగ్గరికొద్దాం. సగం తిందామని మొదలుపెట్టాడు. కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఉన్న వెయింగ్ మెషీన్ చెప్తుంది, కానీ దానికి టైమ్ ఇవ్వాలి. రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని రాసుకోండి. ఏ ఒక్క రోజు అంకెనీ పట్టించుకోకండి. రాత్రి బిర్యానీ తింటే ఉప్పుకి నీళ్లు పట్టి మర్నాడు కిలో పైకి వెళ్తుంది, అది కొవ్వు కాదు. ఎండలో పరిగెత్తొస్తే కిలో కిందికి వస్తుంది, అదీ కొవ్వు కాదు, చెమట. కొత్తగా జిమ్ మొదలుపెట్టినవాళ్లకి కండరాల్లో నీళ్లు పట్టి మొదటి వారం రెండు వారాలు బరువు పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. వారానికి ఏడు అంకెలు కలిపి సగటు తీయండి. ఈ వారం సగటుని నాలుగు వారాల కిందటి సగటుతో పోల్చండి. అమ్మాయిలు కూడా నాలుగు వారాల దూరంలోనే పోల్చుకోవాలి, నెలసరి ముందు నీళ్లు పట్టే వారాన్ని మామూలు వారంతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఒక చిన్న గుణకారం. కిలో ఒంటి కొవ్వుకి సుమారు 7700 కేలరీలు. మనవాడు రోజుకి 500 లోటు అనుకున్నాడు. 28 రోజులకి 14,000. అంటే 1.8 కిలోలు తగ్గాలి. మెషీన్ చూస్తే 0.8 కిలోలే తగ్గాడు. 0.8 ఇంటూ 7700 అంటే 6160. 28తో భాగిస్తే 220. అంటే అసలు లోటు 500 కాదు, 220. ఎక్కడో రోజుకి 280 జారిపోతోంది. వాచ్ ఎక్కువ చూపిస్తోందా, నూనె లెక్క తప్పిందా, ఒళ్లు సర్దుకుందా? నిజం చెప్పాలంటే అది తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఎక్సర్‌సైజ్‌కి ఇచ్చే వాటా సగం నుంచి పావుకి తగ్గించండి, అన్నం ఒక గరిటె తగ్గించండి, ఇంకో నాలుగు వారాలు చూడండి. అదే 3 కిలోలు తగ్గి, రోజూ నీరసంగా, జిమ్‌లో ఎత్తే బరువులు తగ్గిపోతుంటే, వాటా పెంచండి. వారానికి మీ బరువులో అర శాతం నుంచి ఒక శాతం లోపు తగ్గుతుంటే దేన్నీ కదపకండి.

కొంతమందికి ఈ రోజువారీ కూడికలు తీసివేతలు చిరాకు. నాకూ చిరాకే. వాళ్లకి ఒక దారి ఉంది. వారానికి ఇన్ని రోజులు, ఇంతసేపు అని మీ ఎక్సర్‌సైజ్ దాదాపు మారకుండా ఉంటే, వాచ్‌ని యాప్ నుంచి విడగొట్టేయండి. రోజూ ఒకే టార్గెట్ పెట్టుకోండి, నడిచినా నడవకపోయినా. నాలుగు వారాల సగటు చూసి ఆ ఒక్క అంకెనే సర్దుకోండి. నడిచినరోజు కొంచెం ఎక్కువ ఆకలి, నడవని రోజు కొంచెం తక్కువ, వారానికి అది సమం అవుతుంది. వారంవారం ఎక్సర్‌సైజ్ బాగా మారేవాళ్లకి మాత్రం ఇది కుదరదు.

ఇక తినేది ఏంటి అన్నది. టార్గెట్‌లో ఖాళీ ఉంది కదా అని జిమ్ బయట బండి దగ్గర మిర్చి బజ్జీతో నింపొచ్చా? లెక్క ప్రకారం నింపొచ్చు, ఎవరూ పట్టుకోరు. కానీ ఎక్సర్‌సైజ్ తర్వాత ఒంటికి పనికొచ్చేది ప్రొటీన్, కొంచెం పిండిపదార్థం. రెండు ఉడకబెట్టిన గుడ్లు 150 చిల్లర. మీడియం సైజు అరటిపండు 100. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, 170. ఇంటి పెరుగు ఒక కప్పు కూడా బాగానే పనిచేస్తుంది. గంట నడకకి ప్రొటీన్ పౌడర్, ఎనర్జీ డ్రింక్ అక్కర్లేదు. ఆ డ్రింక్ సీసా వెనక్కి తిప్పి చక్కెర ఎన్ని గ్రాములో చూడండి, గ్రాముకి 4 వేసుకోండి, నడిచిందంతా సీసాలోనే ఉంటుంది. ఆకలి లేకపోతే ఆ మిగిలిన వాటా తినాలని రూలేమీ లేదు. రాత్రి పదింటికి ఆకలి వేస్తే మాత్రం తినకుండా పళ్లు బిగబట్టుకుని పడుకోకండి, అలా పడుకున్నవాళ్లు పదకొండున్నరకి ఫుడ్ యాప్ తెరుస్తారు.

ఈ వీడియో అయిపోగానే ఫోన్‌లో మీ కేలరీ యాప్ తెరిచి, ప్రొఫైల్‌లో యాక్టివిటీ లెవెల్ దగ్గర ఏం నొక్కి ఉందో చూడండి. జిమ్ కలిపి నొక్కి ఉంటే, వాచ్ కేలరీలు యాప్‌లో కలవకుండా ఆ లింక్ ఆఫ్ చేయండి. సెడెంటరీ ఉంటే సగంతో మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ప్రొటీన్ రోజుకి ఎంత కావాలి, మన పప్పు, పెరుగు, గుడ్లతో అది ఎంతవరకు వస్తుంది అన్నది చూద్దాం. ఉంటానండీ, నమస్తే.